మూల మీది హోటలు

బదిలీల ఉద్యోగం చేసేవారికి ఊళ్ళు మారడం కొత్త కాదు. ప్రతిసారీ సామానంతా కట్టి లారీకెక్కిస్తాం. బీరువాలు, మంచాలు, పిల్లల పుస్తకాలు, తులసికోటతో సహా అన్నీ మనతో వస్తాయి. లారీ ఎక్కనివి మాత్రం కొన్ని మిగిలిపోతాయి. నా విషయంలో అలా మిగిలిపోయినవాటిలో ముఖ్యమైనవి హోటళ్ళు. తిండి మీద మమకారంతో ఈ మాట అనడం లేదు. ఊరు కాని ఊరిలో "ఇక్కడ కూర్చో" అని మొదట కుర్చీ చూపించేది హోటలే కదా!

మొన్న జనవరిలో మా అమ్మాయి ఉద్యోగరీత్యా హైదరాబాదు వెళుతూ, "నాన్నా, చదువుకునే రోజుల్లో నువ్వు రోజూ కూర్చునేవాడినని చెప్పే హోటలు ఎక్కడ? చిరునామా ఇస్తే వెళ్ళి చూసి వస్తాను" అని అడిగింది. నోరు తెరిచి, చెప్పలేక ఆగిపోయాను. ఆ హోటలు ఇప్పుడు లేదు. అయిదేళ్ళపాటు నాకు చిరునామాగా నిలిచిన హోటలుకు ఇవాళ చిరునామా లేదు! ఆ సంగతిని మా అమ్మాయికి చెప్పినంత వివరంగానూ, ఆమెకు చెప్పని ఒక విషయంతో సహా, మన పత్రిక పాఠకులతో పంచుకోవాలనిపించింది.

1986లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చి, నల్లగొండ జిల్లాలోని మా పల్లె నుంచి హైదరాబాదు చేరాను. హాస్టలులో చోటు దొరకలేదు. నల్లకుంటలో ఒక గది, బాగ్‌లింగంపల్లిలో ఒక గది, చిక్కడపల్లిలో ఒక గది — ఇలా అయిదేళ్ళలో ఆరు గదులు మారాను. బ్రహ్మచారులకు గది అద్దెకు ఇవ్వడమే గొప్ప. ఇంటివారి చుట్టాలు వస్తున్నారంటే వారం రోజుల్లో ఖాళీ చేయవలసి వచ్చేది. గదిలో కూర్చుని చదువుకుందామంటే నలుగురికి ఒకే లైటు. అందుచేత సాయంకాలాలు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గడిచేవి. గ్రంథాలయం మూసే వేళకు మా పాదాలు వాటంతటవే ఆ వీధి మూల మీది ఇరానీ హోటలు వైపు నడిచేవి.

ఇరానీ హోటళ్ళను గురించి తెలియని మన ఉత్తరాది మిత్రుల కోసం రెండు మాటలు. పందొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో ఇరాన్ దేశం నుంచి బ్రతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు బొంబాయి, పూనా మీదుగా హైదరాబాదు దాకా వ్యాపించాయి. చాలామంది యజ్ద్ ప్రాంతం వారు. వీధి మూల మీది దుకాణం అచ్చిరాదని స్థానిక వ్యాపారులు వెనుకాడేవారనీ, ఆ పట్టింపు లేని ఇరానీలు చవకగా దొరికిన మూలలనే ఏరుకున్నారనీ చెబుతారు. కారణం ఏదైనా ఫలితం మాత్రం చక్కనిది. మూల మీది హోటలుకు రెండు వీధుల వైపూ ద్వారాలు ఉంటాయి. రెండు వైపుల గాలి, రెండు వైపుల వెలుతురు, రెండు వీధుల జనం.

మా హోటలు కూడా అలాంటిదే. పేరు చెప్పను. మేమందరం 'మూల హోటలు' అనే పిలిచేవాళ్ళం. చలువరాతి పలక పరచిన బల్లలు, వంచిన కర్రతో చేసిన నల్లని కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు. ఎత్తైన కప్పు నుంచి వేలాడే పంకా ఎంత తిరిగినా గాలి కిందికి దిగేది కాదు. ద్వారం పక్కన ఎత్తైన గల్లా. దాని వెనుక సేఠ్. తెల్లని చొక్కా, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, చేతిలో ఉర్దూ పత్రిక. ఆయన పత్రిక చదువుతున్నట్టే కనిపించేవాడు గాని, ఏ బల్ల దగ్గర ఎవరు ఎంతసేపటి నుంచి కూర్చున్నారో ఆయనకు తెలియకుండా ఉండేది కాదు.

ఇరానీ టీ కాచే విధానం ఇంజనీరింగు విద్యార్థులమైన మమ్మల్ని ఎంతో ఆకర్షించేది. ఇంట్లోలాగా పాలూ, నీళ్ళూ, పొడీ కలిపి మరిగించరు. తేయాకు డికాషను ఒక పాత్రలో మూత బిగించి, ఆవిరి పోకుండా సన్నని సెగ మీద చాలాసేపు ఉంచుతారు. పాలు వేరే గిన్నెలో, చిక్కబడి మీగడ రంగు తిరిగేదాకా కాగుతుంటాయి. కప్పులో ముందు ఒకటి, దాని మీద మరొకటి పోస్తారు. రెండు ప్రక్రియలను విడివిడిగా నియంత్రించి చివరి క్షణంలో కలపడం వల్ల ఆ రుచి వస్తుందని మా మిత్రుడొకడు సిద్ధాంతం చేశాడు. పరీక్షలో రాసిన సిద్ధాంతాలకంటే అది మాకు బాగా గుర్తుంది.

టీతోబాటు ఉస్మానియా బిస్కెట్టు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వెలసిన ఆ బిస్కెట్టులో కొంచెం తీపి, కొంచెం ఉప్పు. నెల మొదటి వారంలో బన్ను మస్కా, ఉల్లిపాయ కూరిన చిన్న సమోసాలు. రెండో వారంలో రెండు బిస్కెట్లు, టీ. మూడో వారంలో టీ మాత్రమే. నాలుగో వారంలో 'వన్ బై టూ'. అంటే ఒక టీని రెండు కప్పుల్లో పంచుకోవడం. వడ్డించే పెద్దాయనను మేము 'చాచా' అని పిలిచేవాళ్ళం. ఏ వారం నడుస్తున్నదో ఆయనకు మా ముఖాలు చూస్తేనే తెలిసేది. మేము అడగకముందే రెండు ఖాళీ కప్పులు తెచ్చి పెట్టేవాడు.

బిల్లు అనే కాగితం ఉండేది కాదు. మేము లేచి గల్లా వైపు నడుస్తుంటే చాచా హోటలు ఆ చివరి నుంచి కేక వేసేవాడు. 'నీలం చొక్కా, మూడు రూపాయలు. కళ్ళజోడు, రూపాయిన్నర' అని! ఆ కేకే మా బిల్లు, మా రసీదు. ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. గంప్యూటరు ముఖం చూడని ఆ రోజుల్లో అంత విశ్వసనీయమైన సమాచార వ్యవస్థను నేను మరెక్కడా చూడలేదు.

ఇక చిరునామా సంగతి. గదులు తరచుగా మారడం వల్ల ఉత్తరాలు ఎక్కడికి వెళతాయో తెలిసేది కాదు. ఒకసారి మా నాన్నగారు పంపిన మనీఆర్డరు పాత గదికి వెళ్ళి, అక్కడ నేను లేనందున తిరిగి మా ఊరికే చేరింది. ఆ నెల ఎలా గడిచిందో చెప్పనక్కరలేదు. మూడు రోజులు వరసగా 'వన్ బై టూ' అడగడం చూసి చాచా ఆరా తీశాడు. సంగతి విని సేఠ్ నన్ను గల్లా దగ్గరికి పిలిచాడు.

"మీ నాన్నకు ఈ హోటలు చిరునామా రాయి. హోటలు గది మారదు కదా" అన్నాడు, ఉర్దూ, తెలుగూ కలిసిన తన భాషలో.

అప్పుడు తెలిసింది, గల్లా కింది సొరుగులో నాబోటివారి ఉత్తరాలు ఒక కట్ట ఉందని. పోటీ పరీక్షలకు చదువుకునేవారు, అచ్చాఫీసుల్లో పనిచేసేవారు, సినిమాల్లో వేషాల కోసం తిరిగేవారు — అందరికీ ఆ సొరుగే పోస్టుబాక్సు. పోస్టుమాను పదకొండు గంటల వేళ వచ్చేవాడు. అతనికి ఒక టీ. మనీఆర్డరు వచ్చినవారు ఆ వేళకు అక్కడ ఉండాలి. సేఠ్ సాక్షి సంతకం పెట్టేవాడు. ఇందుకు ఆయన ఎవరి దగ్గరా పైసా తీసుకున్నట్టు నేను చూడలేదు. ఇంకా మొదటి సంవత్సరం చదువుతున్న నన్ను "ఇంజనీర్ సాబ్" అని పిలిచేవాడు. వేళాకోళమో దీవెనో అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు.

1990లో పట్టా చేతికి వచ్చింది, ఉద్యోగం రాలేదు. మరుసటి సంవత్సరం దేశమంతా విదేశీ మారకద్రవ్య సంక్షోభంలో ఉంది. ఎక్కడ చూసినా నియామకాలు తగ్గిపోయాయి. మన సంస్థ నిర్వహించిన రాతపరీక్ష రాసి, ఫలితం కోసం ఎదురుచూసి, చూసి, 1991 ఆగస్టులో వరినాట్లకు సాయం చేద్దామని ఊరికి వెళ్ళాను. నాన్నగారికి అప్పటికే నడుము నొప్పి. నాట్లు అయ్యాక పొలమే చూసుకుంటానని ఆయనకు చెప్పేశాను కూడా. ఇంతకాలం చదివించిన ఆయన ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం మాత్రం సరిగా తినలేదు.

ఆ మూడో రోజు రాత్రి తొమ్మిది దాటాక, మా ఊరిలో నైట్‌హాల్టు చేసే బస్సు కండక్టరు టార్చిలైటు వేసుకుంటూ మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక పొడుగుపాటి కవరు. ఇంటర్వ్యూ పిలుపు! ఢిల్లీలో ఇంటర్వ్యూ. మధ్యలో ఉన్న వ్యవధి ఆరు రోజులు.

జరిగింది ఇది. ఆ ఉదయం కవరు హోటలుకు వచ్చింది. సేఠ్ దాన్ని విప్పలేదు. కవరు మీది ముద్ర చూసి, ఇది సొరుగులో ఉంచవలసిన ఉత్తరం కాదని గ్రహించాడు. నా ఊరి పేరు ఆయనకు తెలుసు గాని, పిన్‌కోడు తెలియదు. తెలిసినా పోస్టులో తిప్పి పంపితే ఎన్నాళ్ళకు చేరుతుందో! "మా ఊరి బస్సు నాలుగింటికి" అని నేను ఎప్పుడూ హడావిడిగా లేచే సంగతి చాచా గుర్తుచేశాడట. సేఠ్ మధ్యాహ్నం రద్దీ వేళలోనే చాచాకు సెలవిచ్చి గౌలిగూడ బస్‌స్టేషనుకు పంపాడు. చాచా ఆ పెద్ద రేకుల షెడ్డు కింద బస్సు బోర్డులు చదవడం రాక ఒక్కొక్కరినీ అడుగుతూ, మా ఊరి బస్సు పట్టుకుని, కవరునూ, ఒక బిస్కెట్ల పొట్లాన్నీ కండక్టరు చేతిలో పెట్టాడు. పొట్లం కండక్టరుకు. కవరు నాకు.

మరునాడు బయలుదేరి హైదరాబాదు చేరి, ఆ రాత్రి మిత్రుని గదిలో తలదాచుకుని, ఢిల్లీ బండికి వెళ్ళే ముందు తెల్లవారుజామునే హోటలుకు వెళ్ళాను. అప్పుడే పొయ్యి రాజుకుంటున్నది. సేఠ్ స్వయంగా టీ తెప్పించాడు. డబ్బు తీయబోతే చేయి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడు వద్దు, ఇంజనీర్ సాబ్. ఫలితం తెలిసిన రోజు వచ్చి నాకు చెప్పు. ఆ రోజు ఇంకో టీ తాగు. రెండిటి డబ్బూ అప్పుడు తీసుకుంటాను."

వస్తానని మాట ఇచ్చాను.

ఇక మా అమ్మాయికి చెప్పని విషయం. ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఈసారి ఊరి చిరునామా ఇచ్చి వచ్చాను. నియామకపత్రం నేరుగా మా ఇంటికే వచ్చింది. అమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టింది. నాన్నగారు ఊరంతా తిరిగి చెప్పారు. నేను రైలెక్కి శిక్షణ కేంద్రానికి వెళ్ళిపోయాను. హైదరాబాదు మీదుగానే వెళ్ళాను. బండికి రెండు గంటల వ్యవధి ఉంది. కొత్త సూటుకేసు, కొత్త బూట్లు, సాగనంపడానికి వచ్చిన బంధువులు — "సెలవుల్లో వచ్చినప్పుడు తీరికగా వెళదాంలే" అనుకున్నాను.

సెలవులు వచ్చాయి. రెండుసార్లు సిటీ బస్సులో ఆ మూల దాటి వెళ్ళాను. కిటికీలోంచి గల్లా వెనుక తెల్లని చొక్కా కనిపించింది. దిగలేదు. ఇంత ఆలస్యంగా వెళితే ఏమనుకుంటాడో అన్న సిగ్గు ఒకటి, చుట్టాల ఇంట్లో భోజనానికి వేళవుతున్నదన్న తొందర ఒకటి. 1995లో నా పెళ్ళి జరిగింది. మూడు వందల శుభలేఖలు వేయించాం. చిరునామాలన్నీ నా చేతితోనే రాశాను. ఆ చిరునామా రాయలేదు. అయిదేళ్ళపాటు నా పేరు కింద నేనే కొన్ని వందలసార్లు రాసుకున్న చిరునామా అది! మరచిపోయానంటే నమ్మేవారు ఉండవచ్చు, నేను నమ్మను.

1998లో, అప్పటికి చెన్నైలో పనిచేస్తున్నాను, మా బావమరిది పెళ్ళికి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఇక ఉండబట్టలేక శ్రీమతినీ, ఏడాది పాపనూ వెంటబెట్టుకుని, అర కిలో మైసూరుపాకుతో ఆ మూలకు వెళ్ళాను. రెండు ద్వారాలలో ఒకటి గోడ అయిపోయింది. రెండో దానిలో ఒక పక్క రెడీమేడ్ దుస్తుల దుకాణం, మరో పక్క ఎస్టీడీ బూత్. బూత్ అబ్బాయికి హోటలు సంగతి తెలియదు. ఎదురుగా పుస్తకాలకు అట్టలు కట్టే ముసలాయన చెప్పాడు, రెండేళ్ళ కిందట మూసేశారని. అన్నదమ్ముల పిల్లల మధ్య వాటాలు తేలక స్థలం అమ్మేశారట. సేఠ్ కొడుకు దగ్గరకు బొంబాయి వెళ్ళిపోయాడు. చాచా మాత్రం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర మరో హోటలులో ఉన్నాడన్నాడు.

వెళ్ళాను. చాచాను పోల్చుకున్నాను, ఆయన నన్ను పోల్చుకోలేదు. నా పేరు చెప్పాను. ఉత్తరం సంగతి, గౌలిగూడ సంగతి, బిస్కెట్ల పొట్లం సంగతి చెప్పాను. ఆయన మర్యాద కోసం కాసేపు ఆలోచించి, తల అడ్డంగా ఊపాడు.

"ఎన్ని ఉత్తరాలు, సాబ్! ఎంతమంది పిల్లలు! బస్‌స్టేషనుకు చాలాసార్లు వెళ్ళాను. మీది ఏదో ఎట్లా చెప్పను?"

ఏడేళ్ళుగా నేను మోస్తున్న రుణం ఆయన ఖాతాలో లేదు. మొదట కొంచెం చిన్నబుచ్చుకున్నాను. నా జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన ఆయనకు గుర్తే లేదా అనిపించింది. రైలులో తిరిగి వస్తూ ఆలోచిస్తే దాని అర్థం బోధపడింది. వారు నాకొక ప్రత్యేకమైన ఉపకారం చేయలేదు. ఆ హోటలులో అది రోజువారీ పని. బల్ల తుడవడం, టీ ఇవ్వడం, ఉత్తరం చేర్చడం. చాచా మరో మాట కూడా చెప్పాడు. హోటలు మూసిన రోజున సొరుగులో మిగిలిన ఉత్తరాలను సేఠ్ ఒక్కొక్కటిగా లెక్కపెట్టి పోస్టుమానుకు అప్పగించాడట. మైసూరుపాకు చాచాకు ఇచ్చాను. అక్కడ టీ తాగాం. రెండు టీల డబ్బు గల్లాలో కట్టాను. కాని ఆ గల్లా వేరు.

తరువాతి హోటళ్ళ సంగతి క్లుప్తంగా చెబుతాను. చెన్నైలో మేము వీలైనప్పుడల్లా ఆదివారం సాయంత్రం కెథెడ్రల్ రోడ్డులోని వుడ్‌లాండ్స్ డ్రైవిన్‌కు వెళ్ళేవాళ్ళం. ఉడిపి హోటళ్ళకు మద్రాసులో పేరు తెచ్చిన కె. కృష్ణారావు గారు 1962లో ప్రారంభించిన హోటలు అది. విశాలమైన చెట్ల నీడలో కార్లు ఆగితే, కిటికీకి తగిలించే ట్రేలలో ఫలహారాలు అక్కడికే వచ్చేవి. మాకు కారు లేదు, స్కూటరు. స్కూటరుకు కిటికీ ఉండదు కనుక లోపల హాలులో కూర్చునేవాళ్ళం. భాష రాని ఊరిలో మా శ్రీమతికి మొట్టమొదట ధైర్యం వచ్చింది అక్కడే. పక్క బల్ల మీద తెలుగు మాటలు వినిపించేవి. మా పాప మొదటి అడుగులు వేసింది కూడా ఆ చెట్ల కిందనే. 2008లో ఆ హోటలు మూతపడింది. ఆ స్థలంలో 2010లో సెమ్మొళి పూంగా అనే ఉద్యానవనం వెలసింది. చెట్లు ఉన్నాయి, పిల్లలు ఆడుకుంటున్నారు. కాఫీ వాసన మాత్రం లేదు.

బెంగుళూరులో 2004 నుంచి నాలుగేళ్ళు ఉన్నాను. మహాత్మాగాంధీ రోడ్డు మీది ఇండియా కాఫీ హవుసులో తెల్లని దుస్తులు, తలపాగా ధరించిన వడ్డనదారులు తెచ్చే కాఫీ కోసం శనివారాలు ఎదురుచూసేవాడిని. 2009లో అది కూడా ఆ చోటు ఖాళీ చేయవలసి వచ్చింది. కాని దాని కథ వేరుగా ముగిసింది. దగ్గరలోనే చర్చ్ స్ట్రీట్‌లో మళ్ళీ తెరిచారు. ఇలా మూతపడి మళ్ళీ లేవడం ఆ సంస్థకు కొత్త కాదు. కాఫీ బోర్డు నడుపుతూ వచ్చిన కాఫీ హవుసులను 1950ల నడుమ మూసివేయాలని నిర్ణయించినప్పుడు పనివారు వీధిన పడ్డారు. ఏ.కె. గోపాలన్ గారి ప్రోత్సాహంతో ఆ పనివారే సహకార సంఘాలుగా ఏర్పడి, 1957లో బెంగుళూరుతో మొదలుపెట్టి, ఒక్కొక్క నగరంలో కాఫీ హవుసులను తామే నడపసాగారు. మూతపడడం విధి కాదు, ఎవరో ఒకరు పూనుకుంటే తలుపులు తెరుచుకుంటాయి అనడానికి మనవంటి ఉద్యోగులకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది!

యంత్రం ఆగిపోతే మనం మూలకారణ విశ్లేషణ చేస్తాం. ముప్ఫై ఏళ్ళకు పైగా అదే నా పని. మూల హోటలు విషయంలోనూ చేసి చూశాను. వాటాల తగాదా ఒక కారణం. తెల్లవారుజామున పొయ్యి రాజేసే వృత్తి మీద పిల్లలకు ఆసక్తి లేకపోవడం ఇంకొక కారణం. ఒకప్పుడు ఎవరికీ అక్కరలేని మూల స్థలానికే అందరికంటే ఎక్కువ ధర పలకడం మరో కారణం. ఇవన్నీ నిజమే. కాని లెక్క అక్కడితో పూర్తికాదు. నలుగురు కూర్చునే బల్ల. రెండు గంటలు. నాలుగు టీలు, ఒక్కొక్కటి రూపాయిన్నర. అంటే ఆరు రూపాయలు. నెల చివరలో మూడు. ఏ యంత్రమైనా ఈ ఉత్పాదకతతో ఎంతకాలం నడుస్తుంది? "ఇంకేం కావాలి?" అని అడిగి మమ్మల్ని లేపని ఆ ఓర్పునే మేము ప్రేమించాం. ఆ ఓర్పు ఖరీదు సేఠ్ కట్టాడు, మేము కట్టలేదు. కట్టగలిగే స్థితికి వచ్చాక మేము ఆ వీధికి రావడం మానేశాం.

కనుక నా విశ్లేషణలో చివరి పంక్తి ఇది. ఆ హోటలును మూసినవారిలో నేనూ ఒకడిని. మూతపడ్డ హోటలును తలచుకుని కన్నీరు పెట్టేవారందరినీ కలిపితే ఒక హోటలు నిండుతుంది. వారిలో సగం మంది నెలకొకసారి వెళ్ళివుంటే అది మూతపడేదే కాదేమో!

మా అమ్మాయికి చివరకు చార్మినారు పక్కనున్న నిమ్రాకు వెళ్ళమని చెప్పాను. వెళ్ళింది. ఆ రాత్రి ఫోను చేసి, "నాన్నా, టీ చాలా బాగుంది. స్నేహితులతో గంటసేపు అక్కడే ఉన్నాను" అంది.

"రెండో టీ చెప్పావా?" అన్నాను.

"లేదు. ఎందుకు?" అంది. ఈ వ్యాసం అచ్చయ్యాక ఆమెకు తెలుస్తుంది ఎందుకో.

మన టౌన్‌షిప్ గేటు ఎదురుగా ఉన్న చిన్న హోటలు మీ అందరికీ తెలిసినదే. భార్యాభర్తలు ఇద్దరే నడుపుతారు. ఈ ఏడు చేరిన శిక్షణార్థులకు హాస్టలులో గదుల కేటాయింపు ఆలస్యమైంది. గత నెలలో ఒక సాయంత్రం అక్కడ టీ తాగుతుంటే కొరియర్ కుర్రవాడు మూడు అట్టపెట్టెలు తెచ్చి ఇచ్చాడు. హోటలు యజమాని సంతకం పెట్టి తీసుకుని, బల్ల కింద పెట్టాడు. చూద్దును కదా, అక్కడ అప్పటికే మరో అయిదారు పెట్టెలు ఉన్నాయి.

"ఇవన్నీ ఎవరివయ్యా?" అని అడిగాను.

"కొత్త పిల్లలవి సార్. ఇంకా రూములు రాలేదంట. మా అడ్రసు ఇచ్చుకోమన్నాను" అన్నాడు, అదేమంత విషయం కాదన్నట్టు గిన్నెలో పాలు తిప్పుతూ.

మూలన బల్ల దగ్గర నలుగురు శిక్షణార్థులు ఖాళీ గ్లాసుల ముందు చాలాసేపటి నుంచి కూర్చుని ఉన్నారు. వారికి నాలుగు టీలు చెప్పి, డబ్బు గల్లాలో కట్టి, ఇంటికి బయలుదేరాను.